పడకగదిలో పుట్టిన పాట

అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి కొసను, పసిఫిక్ మహాసముద్ర తీరమున, లాస్ ఏంజెలెస్ అను మహానగరము కలదు. చలనచిత్రములకు ఆటపట్టని లోకమెల్ల నెరిగిన హాలీవుడ్ ఈ నగరములోని భాగమే. పాటలను ముద్రించు గొప్ప స్టూడియోలును అచ్చట పెక్కు కలవు. బయటి చప్పుడు లోనికి రాకుండ కట్టిన దట్టమైన గోడలు, గాజుపలకల వెనుక వరుసలు తీరిన మీటలుగల యంత్రములు, వాటిని నడపుటలో ఆరితేరిన నిపుణులు, ఇవన్నియు నుండుటచేత వాటి అద్దె సామాన్యుల కందునది కాదు. ఆ నగరముననే ఈశాన్యదిక్కున హైలండ్ పార్క్ అను పేట యున్నది. అందొక చిన్న యింటిలో, ఒక యువకుని పడకగదిలో తయారైన పాటల సంపుటి 2020 సంవత్సరము జనవరి 26వ తేదీన ఆ దేశపు సంగీత పురస్కారములగు గ్రామీలలో పెద్దవిగా నెన్నబడు నాలుగింటిని ఒక్క రాత్రిలో గెలుచుకొనెను. పాడినది బిల్లీ ఐలిష్. అప్పటి కామె వయస్సు పదునెనిమిదేండ్లు. ఆమెతో కలసి పాటలు కట్టి, వాటిని యంత్రమున కెక్కించినవాడు ఆమె యన్న ఫినియస్. అతనికి ఇరువదిరెండేండ్లు.

వీరి తల్లి మ్యాగీ బెయిర్డ్, తండ్రి పాట్రిక్ ఓకానెల్. ఇరువురును నటులు. హాలీవుడ్ నటులనగానే మేడలును, మోటారుకార్లును కన్నులకు కట్టును. కాని ఆ నగరమున వేషమునకై ఎదురుచూచుచు, దొరకిన చిన్న వేషముతో నెల గడపుకొనుచు, నడుమ నడుమ వేరొక పని చేసికొని బ్రదుకు నటులే అధికము. పాట్రిక్ వడ్రంగపు పనియు చేసెడివాడు. ఇంటిలో పడకగదులు రెండే. ఫినియస్ 1997 జులైలోను, బిల్లీ 2001 డిసెంబరులోను పుట్టిరి. వారు పెద్దవారగుచుండగా ఆ రెండు గదులును వారికి చెరియొకటి విడిచి, తల్లిదండ్రులు ముందుగదిలో పరుపు పరచుకొని నిద్రించిరి. ఈ సంగతి చెప్పువారు దీనినొక వింతగా చెప్పి ముందునకు సాగిపోవుదురు. నిజమునకు తక్కిన కథ యంతయు ఈ ఏర్పాటు మీదనే నిలిచియున్నది. ఎవరి రాకపోకలును లేక, తలుపు వేసికొని గంటలకొలది ఒక పనిమీద కూర్చుండుటకు ఆ పిల్లలకు చోటు దొరకినది అట్లే కదా!

అన్నాచెల్లెండ్రు బడికి పోలేదు. ఇంటియొద్దనే చదువు చెప్పుట ఆ దేశమున చట్టసమ్మతము. లెక్కలు, చరిత్ర మున్నగు పాఠములతో పాటు వారికి సంగీతమును నిత్యకృత్యమయ్యెను. ఇంటిలో పియానో ఉండెను. బిల్లీ పసితనముననే యుకులేలీ పట్టెను. ఇది నాలుగు తంత్రులుగల చిన్న వాద్యము. చూచుటకు పిల్లల గిటారువలె నుండును. హవాయి ద్వీపములలో మిక్కిలి ప్రసిద్ధము. ఆ యింటిలో ఒక విచిత్రమైన నియమము కూడ నుండెను. ఎంత ప్రొద్దుపోయినను సరే, పాడుచున్న పిల్లను గాని వాయించుచున్న పిల్లవానిని గాని పోయి పండుకొనుమని పెద్దలు చెప్పరాదు. నిద్ర కెగనామము పెట్టజూచు పిల్లలకు ఇంతకంటె సులభమైన మార్గము వేరొండు లేదు. ఆ మార్గమున పోవుచునే వారు తమకు తెలియకుండ పాటకు అలవాటుపడిరి.

వీరిని స్వయముగా నేర్చుకొన్నవారని పత్రికలు వ్రాయును. ఆ మాట నిజమే కాని, దానికి హద్దు గలదు. బిల్లీ ఎనిమిదవ యేట లాస్ ఏంజెలెస్ బాలల గానబృందములో చేరెను. పలువురు పిల్లలు ఒక్క గొంతుగా పాడు ఆ బృందమున ఊపిరి పట్టుట, పక్కవాని స్వరము వినుచు తన స్వరము నిలుపుకొనుట, గొంతును పాడుచేసికొనక కాపాడుకొనుట ఆమె కలవడెను. ఇక పాటలు కట్టుటకు తల్లియే గురువు. మ్యాగీ పిల్లలకు గీతరచన బోధించెడిది. ఒకమారు ఆమె ఇచ్చిన పని ఇట్టిది: టెలివిజనులో ఒక నాటకమునో చిత్రమునో చూడవలెను, చెవిని పడిన మంచి మాటలను కాగితముమీద వ్రాసికొనవలెను, ఆ మాటలతో పాట కట్టవలెను. పదునొకండేండ్ల బిల్లీ, చచ్చినవారు లేచి తిరుగు భయంకర కథాక్రమము నొకదానిని చూచి, అందలి మాటల నేరి పాట కట్టెను. అంతకు పూర్వమే ఫినియస్ కూడ తల్లియొద్ద ఈ విద్య నభ్యసించి యుండెను. ఒక్క విషయమున మాత్రము అతనికి గురువు లేడు. పాటను యంత్రమున కెక్కించు విద్యను అతడు ఏ కళాశాలలోను చదువలేదు. తన గదిలో, తన కంప్యూటరు ముందు, చేయుచు, చెరుపుచు, మరల చేయుచు నేర్చుకొనెను.

ఆ విద్య యెట్టిదో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. 1925వ సంవత్సరమునకు ముందు పాటల ముద్రణలో మైక్రోఫోను వాడుక లేదు. గాయకుడు పెద్ద గరాటువంటి బూరా యెదుట నిలిచి కంఠమెత్తి పాడవలెను. ఆ కంఠబలముననే ముల్లు కదలి మైనపు పలకమీద గీతలు గీయును. మెల్లగా పాడువాని పాట పలక కెక్కనే యెక్కదు. 1925లో విద్యుత్తుతో ముద్రించు పద్ధతి వచ్చినది. అంతట బింగ్ క్రాస్బీ వంటి గాయకులు మైక్రోఫోనునకు దగ్గరగా నిలిచి, చెవిలో చెప్పునట్లు పాడజొచ్చిరి. వినువారి కది క్రొత్త యనుభవము. వేలమంది యెదుట పాడు గాయకుడు తమ యొక్కరికే పాడుచున్నట్లు తోచెను.

తరువాతి మార్పు ఈ లాస్ ఏంజెలెస్‌లోనే, ఒక యింటి కారుషెడ్డులో జరిగెను. లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు 1948లో వెలువరించిన ఒక రికార్డులో ఎనిమిది గిటారులు మ్రోగును. ఎనిమిదింటిని వాయించినవాడు అతడొక్కడే. మొదటి వాద్యమును ఒక పలకమీద ముద్రించును. దానిని మ్రోయించుచు, దానితో కలిపి రెండవది వాయించి, రెంటిని వేరొక పలకమీద ముద్రించును. ఇట్లు పొరమీద పొర వేయుచు పోవును. ఎనిమిదవ పొరలో వ్రేలు జారినచో ఆ పలక వ్యర్థమగును. ఎంతటి ఓర్పు కావలెనో ఊహింపవచ్చును. పిమ్మట అయస్కాంతపు టేపు వచ్చెను. 1979లో జపానుదేశపు టియాక్ కంపెనీ, సామాన్యమైన క్యాసెట్టుమీద నాలుగు పొరలు విడివిడిగా ముద్రించు చిన్న యంత్రమును అమ్మజూపెను. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అను ప్రఖ్యాత గాయకుడు 1982 జనవరిలో న్యూజెర్సీ రాష్ట్రమున తానున్న యింటి పడకగదిలో అట్టి యంత్రముతో కొన్ని పాటలు ముద్రించుకొనెను. అవి నమూనాకై చేసినవి మాత్రమే. పిదప వాద్యబృందముతో స్టూడియోలో ఎన్నివిధముల పాడినను ఆ క్యాసెట్టులోని జీవము రాలేదు. తుదకు ఆ క్యాసెట్టునే రికార్డుగా వెలువరింపవలసి వచ్చెను.

ఫినియస్ కాలమునకు ఆ యంత్రములన్నియు కంప్యూటరు కడుపులో చేరిపోయెను. మైక్రోఫోనులోని పలుచని పొర ధ్వనికి కంపించును. ఆ కంపనము విద్యుత్తుగా మారును. కంప్యూటరు దానిని సెకనునకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. అంకెలను కత్తిరింపవచ్చును, అతుకవచ్చును, ముందు వెనుకలు జరుపవచ్చును, అరుగుదల యుండదు. లెస్ పాల్ ఎనిమిది పొరలకు పడిన పాట్లు నూరు పొరలకైనను పడనక్కరలేదు. ఇందులకు కావలసిన పనితనము 'లాజిక్' అను సాఫ్ట్‌వేరులో నున్నది. ఫినియస్ వాడుకొన్నది దానినే.

పడకగది యనగానే ముద్రణకు పనికిరాని చోటని తోచవచ్చును. కొంతవరకు అది సరియే. వంటయింటి గిన్నెల చప్పుడు, వీధిలోని బండ్ల మ్రోత, పక్కగదిలో ఎవరో దగ్గుట, అన్నియు మైక్రోఫోనునకు వినబడును. కాని పడకగదికి సహజమైన సుగుణమొకటి కలదు. స్నానాలగదిలో కూనిరాగము తీసినవారందరికి అచ్చట గొంతు ఖంగున మ్రోగునని తెలియును. గట్టి గోడలు ధ్వనిని తిప్పి కొట్టుటయే దానికి కారణము. పడకగదిలోని పరుపు, దిండ్లు, తెరలు, కొక్కెములకు వ్రేలాడు బట్టలు ధ్వనిని మ్రింగివేయును. ప్రతిధ్వని తగ్గి, గొంతు ఉన్నదున్నట్లు మైక్రోఫోనున పడును. బిల్లీ మంచముపై కూర్చుండి పాడును. ఒక బారెడు దూరమున ఫినియస్ బల్లముందు కూర్చుండి ముద్రించును. నడుమ గాజుపలక లేదు. పిలిచి సైగలు చేయవలసిన నిపుణుడు లేడు. గది చిన్నది, మైక్రోఫోను నోటికి చేరువ, వినువాడు తోడబుట్టినవాడు. గొంతు చించుకొని పాడవలసిన యవసరమేమున్నది? ఊపిరితో కలసిన ఆ మెత్తని గానము ఆమెకు గుర్తుగా నిలిచిపోయినది.

2015లో ఫినియస్ తన మిత్రబృందమునకై ఒక పాట వ్రాసెను. దాని పేరు 'ఓషన్ ఐస్', అనగా సముద్రమువంటి కన్నులు. అదే కాలమున బిల్లీ నృత్యము నేర్చుకొనుచుండెను. నృత్యమనగా ఆమెకు ప్రాణము. ఆమెకు నృత్యము నేర్పు గురువు, శిష్యుల యాటకు కూర్చుటకై ఒక పాట కావలెనని కోరెను. ఈ పాట చెల్లెలి గొంతునకే తగునని తలచి ఫినియస్ ఆమెచేత పాడించి తన గదిలో ముద్రించెను. పాటను గురువునకు చేర్చుటకు సులభమైన దారి యని, ఎవరైనను తమ పాటల నుంచదగిన సౌండ్‌క్లౌడ్ అను ఇంటర్నెట్టు వేదికమీద నవంబరులో దాని నుంచిరి. కీర్తికై చేసిన పని కాదు; నేటి కాలమున ఉత్తరము పెట్టెలో వేయుటవంటిది. కాని పిలువని శ్రోతలు వచ్చి చేరిరి. విన్నవారు ఇంకొకరికి చెప్పిరి. కొలది దినములలోనే ఆ లెక్క వేలను దాటెను. అప్పటికి బిల్లీకి పదునాలుగేండ్లు నిండలేదు.

ఆ పాట ఏ నృత్యమునకై పుట్టినదో ఆ నృత్యము మాత్రము ఆమెకు దక్కలేదు. ఆ రోజులలోనే అభ్యాసము చేయుచుండగా తుంటియొద్ద దెబ్బ తగిలెను. ఎదుగుచున్న పిల్లలకు ఎముకల కొసలయందు మెత్తని భాగము లుండును. ఎముక పెరుగుట అచ్చటనే. దెబ్బ తగిలినది ఆ చోటునకే. నృత్యము మానవలసి వచ్చెను. ఏండ్ల తరబడి ప్రతిదినము చేసిన పని ఒక్క దినమున చేజారిపోవుట పదుమూడు పదునాలుగేండ్ల బాలికకు సామాన్యమైన దుఃఖము కాదు. తానప్పుడు ఎంత క్రుంగిపోయినదో ఆమె పిమ్మట పలుమారులు దాపరికము లేక చెప్పియున్నది. పాట ఆ దుఃఖమును మాన్పినదని చెప్పుట తేలిక; అంత తేలికగా జరుగలేదు. పాట మిగిలినది, అంతే. ఆ మిగిలిన దానిమీద అన్నాచెల్లెండ్రు పని సాగించిరి.

పెద్ద కంపెనీల ప్రమేయము లేక, తామే చేసి తామే వెలువరించు పాటలకు 'ఇండీ' యని పేరు. స్వతంత్రమను ఇంగ్లీషు మాటకు ఇది కురుచరూపు. 'ఓషన్ ఐస్' అట్లే పుట్టినది. కాని 2016లో డార్క్‌రూమ్, ఇంటర్‌స్కోప్ అను సంస్థలతో బిల్లీకి ఒడంబడిక కుదిరెను. ఇంటర్‌స్కోప్ చాల పెద్దది. కనుక ఆమెను తుదివరకు స్వతంత్ర గాయని యనుట సత్యము కాదు. అయితే డబ్బు వచ్చినను పని చేయు చోటు మారలేదు. పేరుగల స్టూడియోలకును వారు పోయి చూచిరి. ఇతర రచయితలతో కూర్చుండియు చూచిరి. కిటికీలు లేని ఆ గదులు, గడియారము చూచుచు పాడుట బిల్లీకి నచ్చలేదు. మరల ఇంటికే వచ్చి, అన్న గదిలోని మంచముమీద కూర్చుండెను. 2017లో చిన్న సంపుటి యొకటి వెలువడెను. 2019 మార్చి 29వ తేదీన మొదటి పూర్తి సంపుటి వచ్చెను. మనమందరము నిద్రించినప్పుడు ఎచ్చటికి పోవుదుమను ప్రశ్నయే దాని పేరు. పడకగదిలో పుట్టిన దానికి తగిన పేరే!

ఈ సంపుటి తయారైన తీరు తెలిసినచో, ఇంటిలో పాడుట సులభమను భ్రమ తొలగిపోవును. స్టూడియోలో గంటకు రుసుము చెల్లింపవలెను గనుక పాట త్వరగా ముగియును. గదిలో రుసుము లేదు గనుక ముగియుటకు హద్దులేదు. బిల్లీ ఒక చరణమును పదేపదే పాడును. ఒకమారు పాడిన దానిలో ఒక మాట బాగుండును. ఇంకొకమారు పాడిన దానిలో ఆ పక్కమాట బాగుండును. ఫినియస్ వాటి నేరి, అతుకు తెలియకుండ కూర్చును. ఒక్క మాటకై ఓపిక నశించునంత వరకు పాడిన సందర్భములు కలవు. పిదప అదే గొంతును మరల మరల ముద్రించి పొరలు పొరలుగా పరచును. ఒకటి కుడిచెవికి, ఒకటి ఎడమచెవికి, ఒకటి నడుమకు. కొన్ని పాటలలో వినబడు గానబృందమంతయు బిల్లీ యొక్కతెయే. ఎనిమిదవ యేట గానబృందములో నేర్చిన పాఠము ఇచ్చట అక్కరకు వచ్చెనని చెప్పవచ్చును.

వాద్యములు చాలనప్పుడు వారు చుట్టునున్న లోకమును వాద్యముగా చేసికొనిరి. బిల్లీ ఎచ్చటికి పోయినను జేబులోని ఫోనుతో చప్పుళ్లు పట్టుకొని వచ్చును. దంతవైద్యుడు ఆమె పండ్లమీది సామగ్రిని అరగదీయుచుండగా ఆ రాపిడి చప్పుడును ముద్రించుకొనెను. వినుటకే పండ్లు పులియు ఆ శబ్దమును, పీడకలను వర్ణించు ఒక పాటలో ఫినియస్ పొదిగెను. ఆస్ట్రేలియాదేశమునందలి సిడ్నీ నగరమున బాట దాటుచోట, చూపులేనివారికి తెలియుటకై ఒక పెట్టె టకటక కొట్టుచుండును. దాటవచ్చునని తెలుపుటకు ఆ టకటకలు వేగమందుకొనును. కచేరీలకై అచ్చటికి పోయిన బిల్లీ దానిని ఫోనులో పట్టి అన్నకు తెచ్చెను. 'బ్యాడ్ గై' అను పాటలో ఆ శబ్దము తాళములో కలసిపోయినది. ఆ బాటమీద నిత్యము నడచు సిడ్నీ పౌరులలో ఎందరు దానిని గుర్తింపగలరో!

అన్నియు ఆ గదిలోనే ముగియలేదు. ఈ విషయమును పలువురు విడిచిపెట్టుదురు గాని, చెప్పుట న్యాయము. ఫినియస్ సిద్ధపరచిన పొరలను సమపాళ్లలో కలుపు పని రాబ్ కినెల్స్కీ అను నిపుణునిది. ఆ మీదట రికార్డునకు తుదిమెరుగులు దిద్దినవాడు జాన్ గ్రీన్‌హామ్. చిన్న ఫోనులో విన్నను, పెద్ద సభలో విన్నను పాట చెడకుండుటకు వీరి చెవులే కారణము. గ్రామీ సభలో ధ్వనిముద్రణ కౌశలమునకు వచ్చిన పురస్కారమును ఫినియస్ ఈ యిరువురితో పంచుకొనెను.

సంపుటి వెలువడిన వెంటనే అమెరికాలోను, బ్రిటనులోను అమ్మకములలో మొదటి స్థానమును పొందెను. 2019 ఆగష్టులో 'బ్యాడ్ గై', పందొమ్మిది వారములపాటు అమెరికాలో మొదటి స్థానమును విడువక కూర్చున్న ఇంకొక పాటను క్రిందికి దింపి తానెక్కెను. పిమ్మట జనవరిలో గ్రామీ సభ. ఉత్తమ సంపుటి, ఉత్తమ రికార్డు, ఉత్తమ గీతము, ఉత్తమ నూతన కళాకారిణి అను నాలుగును బిల్లీకే వచ్చెను. ఒక్క రాత్రిలో ఈ నాలుగింటిని పొందినవారు అంతకు ముందు ఒక్కరే: 1981లో క్రిస్టఫర్ క్రాస్. ఒంటరి గాయనీగాయకులలో ఉత్తమ సంపుటి పురస్కారమును బిల్లీకంటె చిన్న వయస్సున అంతకు పూర్వ మెవ్వరును పొందలేదు. ఫినియస్‌నకు ఉత్తమ నిర్మాత పురస్కారము వచ్చెను. వేదికమీద నిలిచి అతడు తమ పాటలు పడకగదిలో చేసినవే యని చెప్పి, తమ గదులలో కూర్చుండి పాటలు చేసికొనుచున్న పిల్లలందరిని తలచెను. మాట్లాడుటకు వారు వ్రాసికొని రాలేదు. మాటిమాటికి తమ పేరే పిలువగా బిల్లీ సిగ్గుతో కుర్చీలో ముడుచుకొని పోయినది.

పెదవి విరిచినవారు లేకపోలేదు. గుసగుసలాడినట్లు పాడుట పాట యెట్లగునని కొందరు. తల్లిదండ్రులు నటులు, ఊరు హాలీవుడ్, ఇందులో స్వయంకృషి యెంతయని మరికొందరు. రెండవమాటలో కొంత నిజమున్నది. అదే గది, అదే కంప్యూటరు, అదే గొంతు, ఎచ్చటనో మారుమూల పల్లెలో నున్నచో కంపెనీలవారు అంత త్వరగా వచ్చి తలుపు తట్టియుండరు. రెండు గదులును పిల్లలకు విడిచి ముందుగదిలో పండుకొను తల్లిదండ్రులును అందరికి దొరకరు. మొదటి మాట మాత్రము నిలువదు. బిగ్గరగా పాడునప్పుడు దాగిపోవు చిన్న తప్పు, మెల్లగా పాడునప్పుడు దాగదు. ఊపిరి తడబడినను, స్వరము వెంట్రుకవాసి జారినను చెవికి తెలిసిపోవును. సన్నని గీత గీయుటకే చేయి నిలుకడగా నుండవలెను.

సందేహము మిగిలినవారికి ఆమె తరువాతి పాటయే బదులు చెప్పెను. జేమ్స్ బాండ్ చిత్రములలో మొదట వచ్చు పాటను పాడుట గాయకులు గొప్పగా నెంచు గౌరవము. 'నో టైమ్ టు డై' అను చిత్రమునకు ఆ గౌరవము వీరికి దక్కెను. అప్పుడు వారు కచేరీలకై దేశము తిరుగుచుండిరి. గది వెంట రాదు. కావున టెక్సాస్ రాష్ట్రమున, తాము ప్రయాణము చేయుచున్న బస్సులోనే పాట కట్టి, బస్సులోని ఇరుకు పడకయందే గొంతు ముద్రించిరి. పిమ్మట హాన్స్ జిమ్మర్ వాద్యబృందముతో దానికి హంగు కూర్చెను. మెల్లగా మొదలైన ఆ పాట తుదకు వచ్చుసరికి బిల్లీ కంఠము పూర్తిగా విప్పి పాడును. 2020 ఫిబ్రవరిలో వెలువడిన ఆ పాటకు 2022 మార్చిలో ఆస్కారు బహుమానము వచ్చెను. 'బార్బీ' చిత్రమునకు వారు కట్టిన పాటకు 2024 మార్చిలో రెండవ ఆస్కారు వచ్చెను. అప్పటికి బిల్లీకి ఇరువదిరెండేండ్లు. అంత చిన్న వయస్సున రెండు ఆస్కారులు పొందినవారు ఆ బహుమానముల చరిత్రలో వేరొకరు లేరు.

ఫినియస్ పెద్దవాడై వేరొక యిల్లు కొని, అందులో స్టూడియో ఏర్పరచుకొనెను. 2021 జులై 30వ తేదీన వెలువడిన రెండవ సంపుటి ఆ యింటిలో తయారైనదే. 2024 మే నెలలో వచ్చిన మూడవదానిలో, కచేరీలలో వారికి డ్రమ్ములు వాయించు కళాకారునకును, అట్టక్కా అను పేరుగల తంత్రీవాద్య చతుష్టయమునకును చోటు దొరకెను. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, వాటి పెట్టెలు, నలుగురు మనుష్యులు! హైలండ్ పార్కులోని ఆ పడకగదిలోనైతే బిల్లీ మంచము దిగి నిలుచుండవలసి వచ్చెడిది.